చెమట ఒకరిది, ఉప్పు ఇల్లంతటిదీ

గోదావరిఖనిలో మొదటి షిఫ్టు పడిన ఇంట్లో పొయ్యి తెల్లవారకముందే వెలుగుతుంది. ఏడింటికి మస్టర్ అంటే ఆరుంబావుకల్లా సద్ది కట్టెయ్యాలి. టిఫిన్ అడుగు గిన్నెలో అన్నం, పై గిన్నెలో పప్పో వంకాయ కూరో, ఓ చిన్న డబ్బాలో మామిడికాయ తొక్కు. కూర దించేముందు అత్తమ్మ ఇంత అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలిస్తుంది.

"చప్పగున్నది బిడ్డా. బాయిల దిగెటోనికి గీ ఉప్పేం సాల్తది? ఇంకింత ఎయ్యి."

కోడలు మారు మాట్లాడకుండా ఇంకో చిటికెడు దొడ్డుప్పు వేసి కలుపుతుంది. బాయికి పోయేది ఆ ఇంట్లో ఒక్కడే. ఆ కూర తినేది మాత్రం అయిదుగురు. రోజూ పొద్దున బీపీ గోళి వేసుకునే అత్తమ్మ, రోజంతా ఇంట్లో ఫ్యాను కింద పనిచేసుకునే కోడలు, బడికి పోయే ఇద్దరు పిల్లలు. చెమట ఒకరిది, దాని లెక్కన పడిన ఉప్పు అందరిదీ. బొగ్గు బాయిల ప్రాంతంలో ఉప్పు తగ్గించుకోవడం గురించి మాట్లాడాలంటే ఈ చిక్కుముడి దగ్గరే మొదలుపెట్టాలి.

అత్తమ్మ మాటను మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి లేదు. దానికి నూరేళ్ల కిందటి సాక్ష్యం ఉంది. ఇంగ్లండు బొగ్గు గనుల్లో లోతుగా, వేడిగా ఉన్న చోట్ల పనిచేసే కార్మికులకు పిక్కలు, పొట్ట కండరాలు ఉన్నట్టుండి గుంజుకుపోయి విలవిల్లాడేవారు. కె. నెవిల్ మాస్ అనే పరిశోధకుడు గనుల్లోకి దిగి, వాళ్ల చెమటను, వాళ్లు తాగే నీటిని కొలిచి 1923లో అసలు సంగతి చెప్పాడు. చెమటతో నీళ్లే కాక ఉప్పూ పోతోంది. దాహానికి ఉత్త నీళ్లే కడవలకొద్దీ తాగితే ఒంట్లో మిగిలిన ఉప్పు పలచబడి కండరాలు పట్టేస్తున్నాయి. తాగే నీళ్లలో కాస్త ఉప్పు కలిపి ఇస్తే ఆ బాధ తగ్గిపోయింది. రామగుండం ఎండలు తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊరు ఇది.

లీటరు చెమటలో మనిషిని బట్టి, వేడికి అతను అలవాటుపడిన తీరును బట్టి సుమారు 1 నుంచి 4 గ్రాముల ఉప్పు పోతుంది. కొత్తగా ఎండలోకి వచ్చినవాడి చెమట ఎక్కువ ఉప్పగా ఉంటుంది. పది రోజులు గడిచేసరికి శరీరం పొదుపు నేర్చుకుంటుంది. చెమట ఎక్కువే పడుతుంది గానీ అందులో ఉప్పు తగ్గుతుంది. అందుకే వేసవి మొదలైన కొత్తలోనూ, నెల రోజులు సెలవు పెట్టి మళ్లీ డ్యూటీకి వచ్చిన మొదటి వారంలోనూ జాగ్రత్త ఎక్కువ అవసరం.

ఇంతవరకూ అత్తమ్మదే పైచేయి. కానీ ఆమె లెక్క తట్టా చెమ్మస్ కాలం నాటిది. ఆమె పెనిమిటి కోల్ ఫిల్లర్‌గా బొగ్గు తట్టలకెత్తి టబ్బుల్లో పోసిన రోజుల్లో షిఫ్టు దిగి ఇంటికొస్తే బనియను పిండితే నీళ్లు కారేవి. ఆ తర్వాత భూగర్భ గనుల్లోకి బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చాయి. ఇవాళ సింగరేణి తీసే బొగ్గులో చాలా ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టులదే. డంపర్ నడిపేవాడు, షావెల్ ఆపరేటర్ క్యాబిన్‌లో కూర్చుంటారు. ఆఫీసులో మస్టర్ రాసేవాడికి నెత్తిమీద కూలరుంటుంది. బాయి దిగి సపోర్టు పని చేసేవాళ్లు, ఎండలో నిలబడి పనిచేసే కాంట్రాక్టు కార్మికులు ఇప్పటికీ చెమటోడుస్తున్నారు, నిజమే. కానీ క్వార్టర్లన్నింట్లో ఉడికే కూరలో వాళ్ల ఉప్పే పడుతోంది. రిటైరై పదేళ్లయిన పెద్దాయన కంచంలో కూడా షిఫ్టు నడుస్తున్న రోజుల ఉప్పే ఉంది.

అసలు ఒంట్లోకి వెళ్లిన ఉప్పు ఏం చేస్తుంది? ఉప్పులో బరువు ప్రకారం అయిదింట రెండు వంతులు సోడియం, మిగతాది క్లోరైడు. నరాలు పనిచేయడానికి, కండరం కదలడానికి సోడియం కావాలి. అది లేకుండా బతకలేం. కానీ అది తన వెంట నీళ్లను పట్టి ఉంచుతుంది. ఎక్కువైన సోడియాన్ని మూత్రంలోకి తోసేసే పని కిడ్నీలది. రోజూ వాటి శక్తికి మించి వచ్చి పడుతుంటే కొంత సోడియం, దానితోపాటు నీరు రక్తంలోనే ఉండిపోతాయి. బాయిలో ఊట పెరిగితే పంపు మీద లోడు పడుతుందని ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. పైపులు అవే, పంపు అదే, నీళ్లు పెరిగాయి. ఆ ఒత్తిడికే బీపీ అని పేరు. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి రక్తనాళాల గోడలు గట్టిపడతాయి, గుండె కండరం మందమవుతుంది, కిడ్నీల్లోని సన్నని వడపోత గొట్టాలు దెబ్బతింటాయి. ఒకరోజు మెదడులో ఓ నాళం పూడుకుపోతేనో చిట్లితేనో మనం పక్షవాతం అంటాం.

బీపీతో పెద్ద ఇబ్బందేమిటంటే అది నొప్పి పెట్టదు. 140/90 దాటినా మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు. "నాకు తలనొప్పి లేదు, కండ్లు తిరుగుతలేవు, నాకేం బీపీ?" అనేవాళ్లు మన చుట్టూ కొల్లలు. కంపెనీ మెడికల్‌కు పిలిచినప్పుడు తప్ప చేతికి పట్టీ చుట్టించుకోని మగవాళ్లు ఎందరో. ఆ మెడికల్ ముందర నాలుగు రోజులు ఉప్పు తగ్గించి, అయిపోయిన సాయంత్రమే చౌరస్తాలో మిర్చి బజ్జీల బండి దగ్గర తేలే పెద్దమనుషులు కూడా ఉన్నారు. వాళ్లను చూసి నవ్వొస్తుంది గానీ, ఉప్పుకూ బీపీకీ ఉన్న లంకె వాళ్లకు తెలుసన్నదానికి అదే రుజువు.

ఇంతకీ ఎంత తినాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే 2 గ్రాముల లోపు సోడియం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లోనూ ఇదే 5 గ్రాములు. సన్నుప్పు అయితే కొసరు లేకుండా సమంగా నింపిన ఒక చిన్న చెంచా. కూర, పప్పు, తొక్కు, బజ్జీ, బిస్కెట్టు అన్నీ కలిపి రోజంతటికీ అంతే. మనం తింటున్నదెంతో కూడా కొలిచారు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లోనూ దిల్లీ, హర్యానాల్లోనూ 24 గంటల మూత్రాన్ని సేకరించి లెక్కగడితే ఆంధ్రప్రదేశ్‌లో సగటున రోజుకు 9.46 గ్రాములు తేలింది. దిల్లీ, హర్యానాల్లో 8.59. తర్వాత దేశం మొత్తం మీద 2017–18లో జరిగిన సర్వేలో సగటు 8 గ్రాములు, మగవాళ్లు 8.9, ఆడవాళ్లు 7.1. సగటు ఎటు చూసినా హద్దుకు ఒకటిన్నర రెట్లు దాటే ఉంది.

ఆ ఉప్పు ఎక్కడినుంచి వస్తోందన్నది ఇంకా ముఖ్యం. అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల తినే ఉప్పులో పెద్ద వాటా ఫ్యాక్టరీలో తయారైన తిండిలోంచి వస్తుంది. అక్కడి మనిషి వంటింట్లో ఎంత జాగ్రత్తపడినా లాభం తక్కువ. మన దగ్గర తీరు వేరు. చిప్స్, నూడుల్స్ పెరుగుతున్నమాట నిజమే అయినా ఇప్పటికీ ఎక్కువ ఉప్పు పడేది మన గరిటెతోనే. ఇది ఒక రకంగా మంచి వార్త. ప్రభుత్వమో కంపెనీయో మారేదాకా ఆగక్కర్లేదు.

ముందు తొక్కు సంగతి చూద్దాం, ఎందుకంటే మనింట్లో అందరికన్నా పెద్ద ఉప్పు ఖాతా దానిదే. ఎండాకాలంలో ఆవకాయ పెట్టేటప్పుడు కిలో మామిడి ముక్కలకు పావుకిలో అటూ ఇటూగా ఉప్పు పడుతుంది. కారం, ఆవపిండి, నూనె అన్నీ కలిపితే మొత్తం రెండు కిలోల దాకా అవుతుంది. అంటే జాడీలో ఎనిమిదో వంతు ఉప్పే. ఒక పెద్ద చెంచా తొక్కు 16 గ్రాములనుకుంటే అందులో 2 గ్రాముల ఉప్పు. పొద్దున రొట్టెలోకి ఓ చెంచా, సద్దిలో ఓ చెంచా, రాత్రి పెరుగన్నంలో నంజుకోవడానికి ఇంకో చెంచా తింటే అక్కడికే 6 గ్రాములు. ఇంకా కూర ముట్టనే లేదు, ఆ రోజు హద్దు దాటిపోయింది.

అలాగని ఆవకాయలో ఉప్పు తగ్గించి పెట్టకండి. బూజు పడుతుంది. ఏడాది నిలవుండేది ఆ ఉప్పు వల్లే. తగ్గించాల్సింది జాడీలో కాదు, కంచంలో. పెద్ద చెంచా తీసి చిన్న చెంచా పెట్టండి. ఊటను వదిలి ఒక ముక్క వేసుకోండి. రోజుకు ఒక్కపూటే తొక్కు అని ఇంట్లో మాట అనుకోండి. మిగతా పూటలకు అప్పటికప్పుడు నూరుకునే పచ్చిమిరప తొక్కు, టమాట తొక్కు ఉన్నాయి కదా. రెండు రోజుల్లో అయిపోయేవాటికి నిలవ ఉప్పు దండగ.

తొక్కు తర్వాత దాక్కున్నవి ఇంకొన్ని ఉన్నాయి. అప్పడంలో ఉప్పుతోపాటు సోడియం ఉన్న అప్పడాల కారం కూడా కలుస్తుంది. ఎండు చేపల్లో చాలావాటిని ఉప్పు పట్టించే ఆరబెడతారు. వండేముందు వేడినీళ్లలో రెండు మూడుసార్లు కడిగి పారబోస్తే కొంత పోతుంది. చల్ల మిరపకాయలు ఉప్పు మజ్జిగలో నానినవే. మిర్చి బజ్జీ గుల్లగా పొంగడానికి శనగపిండిలో వేసే తినే సోడా కూడా సోడియమే, దాని బరువులో పావు వంతుకు పైగా. నాలుకకు ఉప్పగా తగలదు కాబట్టి లెక్కలోకి రాదు. కల్లు దగ్గర నంజుకునే గుడాల సంగతి నేను చెప్పను, తెలిసినవాళ్లకు తెలుసు. ప్యాకెట్ తిండి కొన్నప్పుడు వెనక చిన్న అక్షరాల్లో సోడియం ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే 2 గ్రాముల ఉప్పు. అది 100 గ్రాములకా, ప్యాకెట్ మొత్తానికా అన్నది కూడా చూసుకోవాలి. అక్కడే చాలామంది పొరబడతారు.

ఇక కూర గిన్నె. "ఉప్పు తగ్గించండి" అని చీటీ మీద రాసిచ్చే డాక్టర్లలో ఎంత తగ్గించాలో, ఎలా తగ్గించాలో చెప్పేవాళ్లు తక్కువ. వింటున్నవాడికి అది శిక్షలా వినిపిస్తుంది. మన భాషలో "ఉప్పూకారం తినే మనిషివేనా?" అంటే పౌరుషం లేదా అని తిట్టడం. అలాంటి జాతిని ఒక్కరోజులో చప్పిడి తినమంటే ఎవరు వింటారు? వినక్కర్లేదు కూడా. కూరలో ఉప్పు పదో వంతు తగ్గితే నాలుక పసిగట్టలేదు. మూడు వారాలు అలా తిని మరో పదో వంతు తగ్గించాలి. నాలుక మెల్లగా కొత్త కొలతకు అలవాటు పడుతుంది. రెండు మూడు నెలలయ్యాక పాత కూర తింటే ముఖం చిట్లించుకునేది మీరే.

తగ్గించాలంటే ముందు కొలవాలి. చేత్తో వేసే ఉప్పుకు లెక్క ఉండదు. చేతి తడిని బట్టి, ఆ పూట చిరాకును బట్టి కూడా మారుతుంది. డబ్బాలో ఒకే చెంచా పెట్టి దానితోనే వెయ్యండి. సన్నుప్పూ దొడ్డుప్పూ ఒకే చెంచాలో ఒకే బరువు తూగవని గుర్తుంచుకోండి. కొన్ని ఇళ్లల్లో ఎసట్లోనే ఇంత ఉప్పు వేస్తారు. అన్నం తినేది కూరతో గనుక ఆ ఉప్పు పూర్తిగా మానేసినా తెలియదు. మజ్జిగలోనూ, కోసిన మామిడి, జామ ముక్కల మీదా చల్లే ఉప్పు కూడా అంతే. అన్నం దగ్గర పెట్టుకునే ఉప్పు గిన్నెను షెల్ఫ్ మీదికి ఎక్కించండి. లేచి తెచ్చుకోవాల్సి వస్తే సగంమంది అడగరు.

అనుభవం మీద చెప్తున్న మాట ఒకటుంది. ఉప్పు, కారం, పులుపు ముగ్గురూ చేతులు పట్టుకుని నడుస్తారు. కారం రెండు చెంచాలు పడితే దానికి దీటుగా ఉప్పు పడాల్సిందే. చింతపండు చిక్కగా పిసికితే మళ్లీ ఉప్పు. కాబట్టి ఉప్పు ఒక్కదాన్నే పట్టుకు లాగితే కూర చెడిపోతుంది. ముందు కారం కాస్త, పులుపు కాస్త వెనక్కి తగ్గించి అప్పుడు ఉప్పు తగ్గించండి. పచ్చిపులుసు చింతపండు పలుచగా పిసికి, అందులో ఉల్లిగడ్డ, వేయించి నూరిన నువ్వులు, కొత్తిమీర ధారాళంగా వేసి చూడండి. నోటికి లోటు తెలియదు. పల్లీలు, ఎల్లిపాయ, కొబ్బరి ఇవన్నీ మనకు ఉన్న రుచులే. ఉప్పు చివర్లో, దించేముందు వేస్తే అదే రుచికి తక్కువ సరిపోతుంది. "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు" అందట ఉప్పు. అది చెప్పిందల్లా తను ఉండాలని, ఇంత ఉండాలని కాదు.

దుకాణంలో ఇప్పుడు సోడియం తగ్గించిన ఉప్పు ప్యాకెట్లు కూడా దొరుకుతున్నాయి. ఇవి మోసమా, పనిచేస్తాయా అని అడిగేవాళ్లకు జవాబు మన పొరుగునే ఉంది. సిద్దిపేట ప్రాంతంలోని 7 పల్లెల్లో బీపీ ఉన్న 502 మందిని తీసుకుని పరిశోధకులు సగంమందికి మామూలు ఉప్పు, సగంమందికి 70 శాతం మామూలు ఉప్పు, 30 శాతం పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు వంటకు ఇచ్చారు. ఎవరింట్లో ఏ ఉప్పు ఉందో వాడేవాళ్లకు తెలియదు. మూడు నెలల తర్వాత చూస్తే మార్చిన ఉప్పు తిన్నవాళ్లకు బీపీ పై అంకె రెండోవాళ్లకన్నా సగటున 4.6 తగ్గింది. పప్పు, పులుసు, తొక్కు ఏవీ మానకుండానే. ఈ ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. అదే ఏడాది వచ్చిన చైనా అధ్యయనం ఇంకా పెద్దది. 600 ఊళ్లు, దాదాపు 21,000 మంది, అయిదేళ్లకు దగ్గరగా. అక్కడ ఇలాంటి ఉప్పు వాడిన ఊళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. పొటాషియం సోడియాన్ని బయటికి పంపడంలో కిడ్నీలకు సాయపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో ఇంటి వంటకు ఈ ఉప్పు మంచిదేనని సూచించింది.

కానీ ఇక్కడొక గట్టి హెచ్చరిక ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ ఉప్పు ప్రమాదం. వాళ్ల కిడ్నీలు పొటాషియాన్ని సరిగా బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె మందులు వాడేవాళ్లు కూడా డాక్టరును అడిగి, అవసరమైతే రక్తపరీక్ష చేయించుకున్నాకే మొదలుపెట్టాలి. షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకూ ఇదే మాట. గులాబీ రంగు ఉప్పు, సైంధవ లవణం మాత్రం ఈ కోవలోకి రావు. వాటి ధర వేరు, రంగు వేరు, లోపలున్నది దాదాపు అంతా అదే సోడియం క్లోరైడు. పైగా చాలావాటిలో అయోడిన్ కలపరు. ఏ ఉప్పు కొన్నా అయోడిన్ ఉన్నదే కొనండి. ఉప్పు తగ్గించుకున్నంత మాత్రాన అయోడిన్ చాలకపోతుందన్న భయం అక్కర్లేదు.

మరి ఆ బాయి దిగే మనిషి సంగతి? ఆయన ఉప్పును కూర గిన్నెలోంచి తీసి ఆయన సీసాలో పెట్టాలి. ఎండలు ముదిరిన రోజుల్లో, అంగీ తడిసిపోయేంత పని ఉన్న షిఫ్టుకు, లీటరు పలుచటి మజ్జిగలో పావు చెంచా ఉప్పు, నిమ్మరసం కలిపి పంపండి. ఎంత చెమట పట్టిందో అంత తాగుతాడు. వానాకాలంలో, సెలవు రోజుల్లో, క్యాబిన్ డ్యూటీ పడిన నెలలో ఆ పావు చెంచా కూడా వద్దు. పిక్కలు గుంజుతుంటే, కళ్లు తిరుగుతుంటే ఓఆర్‌ఎస్ మంచిది. కానీ లీటరు ఓఆర్‌ఎస్ పొడిలో ఉప్పే 2.6 గ్రాములుంటుంది. సోడియం ఉన్న సిట్రేటు వేరే. ఇంట్లో ఊరికే కూర్చున్న బీపీ మనిషి ఎండలు మండుతున్నాయని రోజూ దాన్ని తాగడం పొరపాటు. బీపీ ఉండి, అదే సమయంలో ఎండలో చెమటోడ్చే పనిలో ఉన్నవాళ్లు మాత్రం సొంత లెక్కలు పెట్టుకోకుండా ఏరియా ఆసుపత్రిలో అడిగి తెలుసుకోవాలి. వాళ్లకు రెండు వైపులా ప్రమాదమే.

ఇంటింటికీ సరిపోయే పరీక్ష ఒకటి చెప్పి ఆపుతాను. మిషన్లు అక్కర్లేదు. కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజే బాల్‌పెన్‌తో దాని మీద తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో తలా 5 గ్రాముల లెక్కన రోజుకు 20 గ్రాములు, అంటే ప్యాకెట్ 50 రోజులు రావాలి. బయట తినేదీ తొక్కులోదీ వేరే ఉంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే రావాలి. మీ ఇంట్లో నెల తిరక్కుండానే అయిపోతుంటే మనిషికి రోజుకు 8 గ్రాములు దాటినట్టు. తర్వాతి ప్యాకెట్ మీద కూడా తేదీ రాయండి, ఎన్ని రోజులు ఎక్కువ వచ్చిందో చూసుకోండి. ఆ లెక్క అత్తమ్మ చేతికే ఇవ్వండి.